నా స్మృతిపేటికా విక్రయం

పండితుడైనవాణ్ణి పాతాళానికి తోయడానికి పిడుగు పడనక్కరలేదు, భూమి బద్దలు కానక్కరలేదు. చొక్కా జేబులో ఇమిడిపోయే ఒక నల్లని పెట్టె చాలు. ఆ పెట్టె పేరు హార్డ్ డిస్కు. దాన్ని అమ్మబోయి నేను నా పరువును, నా సంసారశాంతిని, పరాయి ఇంటి ఆడబిడ్డ ఆశను ఒకే గంపలో పెట్టి ఎలా బోర్లించానో ఇప్పుడు విన్నవిస్తాను. నవ్వదలచుకున్నవారు మొదటి సగంలోనే నవ్వేసుకోండి. ఆ తరువాత జాలి పుట్టి నవ్వు ఆగిపోతే పూచీ నాది కాదు.

గుంటూరులో ఒక కళాశాలలో తెలుగు పాఠం చెప్పి పదవి విరమించినవాణ్ణి నేను. మా ఆవిడ అన్నపూర్ణ పెదనందిపాడు దాపున ఒక పల్లె బడిలో ఉపాధ్యాయినిగా పనిచేసింది. నేను ప్రబంధాల్లోని స్త్రీల గానమాధుర్యం గురించి ఉపన్యాసాలు దంచుతున్న కాలంలో, ఆమె నిజంగా పాడే స్త్రీల వెంట చేల గట్ల మీద తిరిగేది. మిరపకాయలు కోసేవాళ్లు, పత్తి తీసేవాళ్లు పాడుకునే పాటలను ఫోనులోకి ఎక్కించుకుని వచ్చి, మా ల్యాప్‌టాప్‌లో భద్రపరిచి, ఫోనులో చోటు కోసం అక్కడివి చెరిపేసేది. ఆ పాడేవాళ్లలో మేటి మరియమ్మ. ఆమె గొంతెత్తితే పక్క చేలో కోతలు ఆగిపోయేవట. ఆమె కిందటేడు కన్నుమూసింది. ఇక ఆ గొంతు లోకంలో మిగిలింది మా ల్యాప్‌టాప్‌లోనే.

"యంత్రాన్ని నమ్మి కూర్చోకూడదండీ. ఈ పాటలు ఇంకోచోట కూడా దాచండి" అని అన్నపూర్ణ నా చేత ఆ డిస్కు కొనిపించింది.

కొన్నాను. కాని దాచలేదు. అందులో నేను ఎక్కించినది ఒకే ఒక్క వస్తువు: నా మెడలో శాలువా పడుతున్న సన్మానసభ వీడియో. సముద్రంలో కాకిరెట్ట. మిగిలిన సముద్రమంతా ఖాళీగా బల్లమీద పడి ఉండి నా కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాసేది.

"పాటలు దాచారా?" అని ఆమె అడిగినప్పుడల్లా, "దాచకేం!" అనేవాణ్ణి. వ్యాకరణరీత్యా అది అబద్ధం కాదని నా వాదన. ధర్మశాస్త్రరీత్యా ఏమవుతుందో మీరే తేల్చండి.

ఇలా ఉండగా ఎదురింటి సుబ్బారావుగారు తమ పాత కూలర్‌ను ఆన్‌లైన్‌లో పెట్టి పూట తిరక్కుండా అమ్మేశారు. అమ్మి ఊరుకోవచ్చునా? వీధి వీధంతా డప్పు కొట్టారు. "మాస్టారూ, ఇవన్నీ మీకు పట్టవులెండి. మీరు పద్యాలు చూసుకోండి" అని నా భుజం తట్టి మరీ అన్నారు. ఆ తట్టిన చోట పౌరుషం వాచింది. ఇంట్లో నేను అమ్మదగినది ఏముందా అని నాలుగు మూలలా చూశాను. ఆ నల్లని పెట్టె నా కంట పడింది. నిజానికి శనిగ్రహం నా కంట పడిందని అప్పుడు తెలియలేదు. అసలు ఒక వస్తువు ఒకచోట ఉండగా మళ్లీ ఇంకోచోట ఉండటం దేనికి? సూర్యులు ఇద్దరున్నారా?

ప్రకటన నేనే రాశాను. 'హార్డ్ డిస్కు అమ్మబడును' అని రాయడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు. ఇలా రాశాను:

"స్మృతిపేటిక విక్రయమునకు గలదు. అపారమగు నిల్వసామర్థ్యము. తేమ యించుకయు సోకనిది. ఈషదుపయుక్తము. గుంటూరునందు స్వయముగ వచ్చి పరీక్షించుకొనవచ్చును."

ఈషదుపయుక్తమంటే కొంచెమే వాడినదని. ఫొటో కూడా తీశాను. పీట మీద పట్టుగుడ్డ పరిచి, దాని మీద పెట్టెను ఉంచి, పక్కన ఒక మందారం.

మొదటి ఫోను చీరాల నుంచి. చాలా మెత్తని గొంతు. "నమస్కారమండీ. మీ పేటిక చూశాను. మా నాన్నగారి అస్థికలు రామేశ్వరం తీసుకెళ్లాలి. అందులో పడతాయాండీ?"

"అయ్యా, అది అందుకు కాదు."

"పోనీ కొంచెమన్నా?"

ఆయనకు సంతాపం తెలిపి ఫోను పెట్టేశాను. పెట్టీ పెట్టగానే రెండోది. ఈసారి మిర్చియార్డు నుంచి, పెళ్లి ఊరేగింపు మధ్య నిలబడి మాట్లాడుతున్నట్టు గోల.

"హలో! నిల్వకి చోటుందని పెట్టింది మీరేనా? ఎన్ని టిక్కీలు పడతయ్?"

టిక్కీ అంటే మిరపకాయల బస్తా. గుంటూరులో కాపురం ఉంటూ ఆ మాట తెలియనివాడు ఉండడు.

"నాయనా, ఇది మిరపకాయలకు కాదు."

"అదేందండీ! అపారం అన్నారుగా? తేమ సోకదన్నారుగా? కోల్డ్ స్టోరేజీలన్నీ నిండిపోయి సరుకు రోడ్డు మీదుంటే మీరు కాయలకి కాదంటారేంది? మరి పసుపుకిస్తారా?"

"ఇది జేబులో పడుతుంది నాయనా."

"పెద్దాయన ఏదో తేడాగా ఉన్నాడ్రా" అని పక్కవాడితో అనడం స్పష్టంగా వినిపించింది. ఆ పూటంతా నాకు శీతలగిడ్డంగి యజమానిగా బతకవలసి వచ్చింది. ఒకాయన అయితే లారీతో బయలుదేరుతున్నానని, సందులోకి లారీ తిరుగుతుందో లేదో చెప్పమని అడిగాడు.

సాయంత్రానికి ఆశ వదులుకున్న వేళ కనిగిరి నుంచి మస్తాన్ అనే అతను ఫోను చేశాడు. పెళ్లిళ్లకు వీడియోలు తీసే స్టూడియో ఉందట.

"హార్డ్ డిస్కేగా మాస్టారూ? పువ్వు పక్కన పెడితే మొదట దేవుడి సామాను అనుకున్నా. ఫొటో పెద్దది చేసి చూశా. గురువారం ఆల్బమ్‌ల పని మీద గుంటూరొస్తన్నా, వచ్చి తీసుకెళ్తా."

ఆ ఒక్క మనిషికే నా ప్రకటన అర్థమైంది. అదీ చదవకుండా చూసినందువల్ల.

ఇంతవరకూ జరిగింది హాస్యం. ఇక్కడినుంచి నా శాస్త్రజ్ఞానం రంగప్రవేశం చేస్తుంది. మీరు కాస్త గుండె దిటవు చేసుకోండి.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. ఏ పాత్రనూ ఖాళీగా పరాయి చేతికి ఇవ్వకూడదు. పక్కింటివాళ్లు పులిహోర పంపిన గిన్నె తిరిగి వెళ్లేటప్పుడు అందులో చిటికెడు పంచదారైనా ఉండాలి. అన్నపూర్ణ ఈ విషయంలో బహు నిక్కచ్చి. గురువారం ఉదయం నా సన్మానం వీడియోను తుడిచేసి, వట్టిపోయిన ఆ డిస్కును చేతిలోకి తీసుకోగానే నా మనస్సు చివుక్కుమంది. ఇదీ పాత్రే కదా! ఖాళీగా ఎలా ఇవ్వడం? పంచదార పోయడానికి వీలులేదు. అందువల్ల నేను రచించిన శతకాన్ని అందులో పెట్టి ఇద్దామని నిశ్చయించాను. అచ్చయిన ప్రతులు ఇంట్లో ఎలాగూ కావలసినన్ని ఉన్నాయి. కొనుక్కోకుండా లోకం వాటిని నాకే వదిలేసింది.

ఇక్కడ యంత్రం ఒక ధర్మసందేహం తెచ్చిపెట్టింది. 'కాపీ' అని ఒక మాట, 'కట్' అని ఒక మాట. కాపీ అంటే మన వద్ద ఒకటి ఉంచుకుని ఇంకొకటి ఇవ్వడం. అది దానం ఎలా అవుతుంది? ఆవును దానమిచ్చి ఆవును మన కొట్టంలోనే కట్టేసుకున్నట్టు కాదూ? ఇచ్చినది ఇచ్చినవాడి ఇంటినుంచి పోవాలి. అప్పుడే అది దానం. కనుక కట్ అన్నాను. నా జీవితంలో ధర్మశాస్త్రాన్ని అక్షరాలా పాటించిన సందర్భం అదొక్కటే.

పోనీ, కట్ చేసినది శతకమే అయితే ఈ కథ లేదు. యంత్రంలోని సంచులన్నిటికీ, అనగా ఫోల్డర్లకు, పేర్లు పెట్టినవాణ్ణి నేనే. తన పాటల సంచికి అన్నపూర్ణ 'కోత పాటలు' అని పెట్టమంది. అది నాకు బీదగా తోచి, 'శ్రీమత్కర్షకకాంతాకలకంఠగానకదంబం' అని నామకరణం చేశాను. నా శతకానిదీ 'శ్రీమత్' తోనే మొదలయ్యే ఇంతటి పేరే. ఆ తెర ఇరుకుది. ఎంత పొడుగు పేరైనా 'శ్రీమత్' దగ్గర నరికేసి మూడు చుక్కలు పెడుతుంది. పక్కపక్కన రెండు శ్రీమత్తులు, కవలపిల్లల్లా. నేను కళ్లజోడు సవరించుకుని, గణపతిని తలుచుకుని, అందులో ఒకదాన్ని పంపించేశాను.

మస్తాన్ వచ్చాడు. మజ్జిగ తాగాడు. డిస్కు తీసుకుని వెళ్లాడు. లోపల కానుక ఉందని నేను చెప్పలేదు. గుప్తదానానికి ఫలం ఎక్కువ.

మరునాటి ఉదయం మరియమ్మ కూతురు కాంతమ్మ వచ్చింది. అన్నపూర్ణ బడిలో చదువుకున్న పిల్లే. ఇప్పుడు తనూ కూలికి వెళుతుంది.

"ఆదివారం మా అమ్మ జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామమ్మా. ఏడాదైపోయింది. గుళ్లో ప్రార్థన అయినాక మైకులో అమ్మ పాట ఏపిద్దామని అందరూ అంటన్నారు. మా పిల్లలు అమ్మమ్మ గొంతు మర్చిపోతన్నారు. ఫోనులో ఎక్కించిస్తారా?"

"దానికేం కాంతమ్మా, ఇప్పుడే" అని అన్నపూర్ణ ల్యాప్‌టాప్ తెరిచింది.

నేను పేపరు చదువుతున్నాను. కొంతసేపటికి, "ఏవండీ, పాటలేవీ?" అంది.

"అక్కడే ఉంటాయి చూడు."

"లేవు. మీ శతకం ఉంది."

పేపరు నా చేతిలోంచి జారిపోయింది. మిరపకాయ కొరికినవాడికి ముందు ఏమీ తెలియదు. తరువాత చెవుల్లోంచి పొగ వస్తుంది. నాకు ఆ పొగ వచ్చే ఘట్టం సమీపించింది.

"పోనీలెండి, ఆ డిస్కులో దాచారుగా. అది ఇటివ్వండి" అంది అన్నపూర్ణ, ఎంతో నిశ్చింతగా.

ఆ నిశ్చింతను పగలగొట్టవలసిన సుత్తి నా నోట్లో ఉంది. కాంతమ్మ నా వంక ఆశగా చూస్తోంది. నేను జరిగినదంతా చెప్పాను: కూలరు, మందారం, పులిహోర గిన్నె, దానధర్మం. నేను చెబుతున్నంతసేపూ అన్నపూర్ణ నన్ను చూసిన చూపు, పెళ్లయ్యాక అంతవరకూ ఎన్నడూ చూడనిది. కోపం కాదు. ఈ మనిషి ఎవరా అన్నట్టు ఉంది.

"అంటే, భద్రంగా ఉండాలని కొన్న పెట్టెలోనే పెట్టి పంపించేశారా?" అంది చివరికి.

మస్తాన్‌కు ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాను. అతను ఎత్తేసరికి వెనుక బాజాలు.

"మస్తాన్‌గారూ! ఆ డిస్కులో కొన్ని పాటలున్నాయి..."

"ఉన్నయ్యి మాస్టారూ, ఏవో ఉన్నయ్యి. నేను చూళ్లేదు, ఒట్టు! డిస్కులమ్మేవాళ్లు ఇంటి ఫొటోలవీ మర్చిపోతుంటారు. ఆడవాళ్లుండే ఇల్లు, మనం తెరిచి చూడటం తప్పు. అందుకని నేనెప్పుడూ చూడకుండా మొత్తం తుడిచేస్తా. మీరేం కంగారుపడమాకండి. శుభ్రంగా తుడిచేశా!"

ఇంతటి సజ్జనుణ్ణి నేను అంతవరకూ చూడలేదు. ఆ క్షణాన ఒక్క దుర్మార్గుడు దొరికి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. అన్నపూర్ణ ఫోను లాక్కుని, స్పీకరు నొక్కి, ఏడుపు గొంతుతో సంగతి చెప్పింది. చచ్చిపోయినావిడ గొంతు అనగానే అతని స్వరం మారిపోయింది.

"అయ్యయ్యో. అమ్మా, తుడిచినా దాని మీద కొత్తది ఎక్కించకపోతే కొంత తిరిగొస్తది. మా కెమెరా కార్డులు చెడిపోతే నేనే తీస్తుంటా. కాకపోతే పొద్దున ఒక పెళ్లి సగం ఎక్కించేశా."

"ఇంక ఎక్కించవద్దు!" అని నేను అరిచాను. "ఆ పెళ్లి ఆపండి!"

"పెళ్లెట్టా ఆపమంటారు మాస్టారూ, తాళి కట్టేశాడు! ఎక్కించడం ఆపుతాలెండి."

కాంతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. "వస్తే తీసుకురండి పంతులుగారూ" అని మాత్రం అని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. నాకు తిట్లలో అలంకారాలు వెతుక్కునే అలవాటు. కొంత కాలక్షేపం అయ్యేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్లను చూసి ఉంటారు. ఆకుల కోసం కనిగిరి బస్సెక్కినవాణ్ణి నన్నే చూస్తున్నారు. శనివారం తెల్లవారగానే బయలుదేరాం. చిలకలూరిపేట దాటాం, అద్దంకి దాటాం, పొదిలి దాటాం. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరచి ఉన్నాయి. నా కళ్లకు అదంతా నాకోసం పరచిన శయ్యలాగే కనిపించింది. అన్నపూర్ణ కిటికీ వంక తిరిగి కూర్చుంది. "మంచినీళ్లు కావాలా?" అని అడిగాను. "దాచారా?" అంది. దారి పొడుగునా ఆమె మాట్లాడింది ఆ ఒక్క ముక్కే.

మస్తాన్ స్టూడియోలో తెర మీద ఒక గీత పాకుతోంది. మా ప్రాణాలు ఆ గీత మీద వేలాడుతున్నాయి. మధ్యమధ్య అతను, "పెళ్లికూతురు మేనమామ వచ్చాడమ్మా, మరియమ్మగారు కాదు" అంటూ చెబుతూ ఉన్నాడు. మెల్లమెల్లగా పాటలు తేలసాగాయి. పేర్లు పోయాయి, వరసలు పోయాయి. పత్తితీత పాట సగంలో తెగి నాదస్వరంలో కలిసింది. చాలా పాటలు దక్కాయి. కొన్ని దక్కలేదు, ఇక దక్కవు. కాని మరియమ్మ పాట ఎంతకీ లేదు.

అన్నపూర్ణ కళ్లు మూసుకుంది. నేను జపం చేశాను. ఏ దేవుడు నా మొర వింటాడు? నా శతకం విన్న దేవుడైతే అసలు వినడు.

"అమ్మా, ఇదేందో చూడండి" అన్నాడు మస్తాన్.

మరియమ్మ గొంతు! స్టూడియో గోడలు మోగిపోయాయి. అన్నపూర్ణ బల్ల మీద తల ఆనించి ఏడ్చేసింది. పాట మొదలునుంచి చక్కగా సాగుతోంది. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ పీల్చిన ఊపిరి వదిలేలోగా పాట మధ్యలోంచి ఇంకో గొంతు లేచింది. అది నాది.

"అన్నపూర్ణా! ఈ గోల ఇంకెంతసేపు? గణం లేదు, యతి లేదు, ప్రాస లేదు. దీన్ని పాటంటారా? నా పారాయణం భంగమవుతోంది!"

నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఒకనాడు మరియమ్మ మా ఇంటికే వచ్చి పాడుతుంటే లోపలి గదిలోంచి నేను చేసిన సాహిత్యవిమర్శ అది. పాట ఆగింది. మరియమ్మ పెద్దగా, గలగలా నవ్వింది. "పంతులుగారికి ఆకలేస్తందేమో అమ్మా, ముందు అన్నం పెట్టు" అంది. అని ఊరుకోలేదు, అదే వరసలో అందుకుంది:

*మిరపకాయకు కారముందమ్మా, సొగసైన కారం*
*పంతులయ్యకు కోపముందమ్మా, పసలేని కోపం*
*కాయ ఎండితే కల్లమెక్కే, కాసులూ తెచ్చే*
*అయ్య ఎండితే ఏమి తెచ్చే, అడగండి అమ్మా*

మస్తాన్ తల వంచుకుని కీబోర్డు తుడవసాగాడు. అతని భుజాలు అదురుతున్నాయి.

"ఆ పాట ఇంకోసారి శుభ్రంగా కూడా పాడించాను. అది పోయినట్టుంది, ఇదొక్కటే మిగిలింది" అంది అన్నపూర్ణ.

"నా మాటలున్న భాగం తీసేసి ఇద్దాం" అన్నాను, నేలచూపులు చూస్తూ.

"కత్తిరించే విద్య నాకు రాదు. మీకే వచ్చు" అంది.

ఆదివారం ఆ పల్లెలో, చర్చి ముందు షామియానా కింద ఊరంతా కూర్చుంది. ప్రార్థన అయింది. మైకు దగ్గర ఫోను పెట్టారు. నన్ను గౌరవంగా ముందు వరుసలో కుర్చీలో కూర్చోబెట్టారు. పారిపోవడానికి సందులేని చోట. మరియమ్మ గొంతు రాగానే ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. తరువాత నా గొంతు వచ్చింది. లౌడ్‌స్పీకరు చెట్టుకు కట్టి ఉంది. గణం లేదు, యతి లేదు అని నేను పక్క ఊరికి కూడా వినబడేలా గర్జించాను. సభ మొత్తం నా వైపు తిరిగింది. సీతమ్మవారికి దొరికిన అనుగ్రహం నాకు దొరకలేదు. భూమి ఇంచుక కూడా విచ్చుకోలేదు.

అంతలో మరియమ్మ నవ్వు. దాని వెంట పంతులయ్య పద్యం. ముందు ఒక ముసలమ్మ కిసుక్కుమంది. తరువాత ప్రార్థన చేయించిన సంఘకాపరిగారు పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. ఆ తరువాత షామియానా షామియానా అంతా నవ్వింది. కాంతమ్మ ఏడుస్తూ నవ్వుతూ నా దగ్గరికి వచ్చింది. నేను లేచి చేతులు జోడించబోయాను.

"మా అమ్మ నవ్వింది పంతులుగారూ!" అంది. "పాటలు అందరూ పాడతారు. అమ్మ నవ్వు ఇంకెక్కడా లేదు. ఇంకోసారి ఏపించమంటన్నారు పిల్లలు."

ఇంకోసారి వేశారు. ఆ తరువాత ఇంకోసారి. మూడోసారికి పిల్లలంతా నా విమర్శను నాతోపాటే, నాకంటే స్పష్టమైన ఉచ్చారణతో అప్పజెప్పారు. ఇప్పుడు ఆ చుట్టుపట్ల మిరపకోతల్లో ఆ పాట లేనిదే గంప నిండదని వినికిడి. బతికుండగా జనం నాలుక మీద నిలవాలని కవులు తపస్సు చేస్తారు. నేను నిలిచాను.

కనుక, మహాజనులారా, సూర్యచంద్రుల సాక్షిగా, కృష్ణా గుండ్లకమ్మల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ పేటికనూ విక్రయించను. పేర్లు చివరిదాకా చదవనిదే ఏ దానమూ చెయ్యను. ముఖ్యంగా, ఆడవాళ్లు పాడుతున్నప్పుడు నోరు విప్పను. ఈ ప్రతిజ్ఞ నేను గట్టిగా చదువుతుండగా అన్నపూర్ణ తన ఫోనులో రికార్డు చేసుకుంది. ఈసారి మూడుచోట్ల దాచిందట. ఎక్కడెక్కడో మాత్రం నాకు చెప్పలేదు.